తలకిందుల హెలికాప్టర్

సావనీరుకి ఏదైనా రాయమని సంపాదక వర్గంవారు అడిగినప్పుడల్లా "నాకేం వచ్చండీ రాయడానికి" అని తప్పించుకుంటూ వచ్చాను. ఈసారి మా ఆవిడ పక్కనే ఉండి, "ఆ హెలికాప్టర్ గోల రాయండి, అందరూ కాసేపు నవ్వుకుంటారు" అంది. అంచేత రాస్తున్నాను. నవ్వుకునేవాళ్ళు హాయిగా నవ్వుకోవచ్చు. ఇంట్లో హైస్కూలు పిల్లలున్న తల్లిదండ్రులు మాత్రం చివరిదాకా చదవాలని మనవి.

గరాజ్‌లో పెట్టె

మాది సన్నీవేల్. ఈ ఊళ్ళో చాలామంది ఇళ్ళలాగే మా గరాజ్‌లో కూడా కారు తప్ప అన్నీ ఉంటాయి. 2016 డిసెంబరు సెలవుల్లో దాన్ని సర్దుదామని బుద్ధి పుట్టింది. బొమ్మల కొలువు మెట్లు పక్కకి లాగితే వాటి వెనక ఒక అట్టపెట్టె కనబడింది. తెరిచి చూస్తే చిన్న హెలికాప్టరు, దాని రేడియో ట్రాన్స్‌మిటరు, అప్పడాల్లా ఉబ్బిపోయిన రెండు బ్యాటరీలు, అడుగున ఒక నోట్‌బుక్కు ఉన్నాయి.

అది మావాడిది. 2012 వేసవిలో, పదిహేనేళ్ళప్పుడు, చుట్టుపక్కల పిల్లలకి లెక్కలు చెప్పి కూడబెట్టిన డబ్బుతో కొనుక్కున్నాడు. రెండు మూడుసార్లు నేనే మైదానానికి తీసుకెళ్ళాను. తీసుకెళ్ళానంటే కారులో కూర్చుని ఆఫీసు ఈమెయిళ్ళు చూసుకున్నానని అర్థం. వాడు ఏం ఎగరేశాడో, ఎంతసేపు ఎగరేశాడో ఒక్కసారీ తలెత్తి చూడలేదు.

2013 మార్చిలో ఒక శుక్రవారం రిపోర్టు కార్డు వచ్చింది. కెమిస్ట్రీలో బి. ఆ రాత్రి నేనన్న మాటలు ఇక్కడ రాయను. మీకు తెలియనివేమీ కావు, మన అందరి ఇళ్ళల్లోనూ గోడలు విన్న మాటలే. చివరికి "ఈ బొమ్మలాట కట్టిపెట్టు" అన్నాను. వాడు ఎదురు చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే అన్నీ పెట్టెలో సర్దేశాడు. మా మాట విన్నాడని నేను సంతోషించాను కూడా. 2015లో కాలేజీకని అమెరికాకి ఆ చివరికి వెళ్ళిపోయాడు.

నోట్‌బుక్కు తిరగేశాను. తేదీల వారీగా, ఇంగ్లీషులో, చిన్న చిన్న అక్షరాలు. ఇవాళ నలభై సెకన్లు నిలబెట్టాను, ఇవాళ ముక్కు నావైపు తిప్పి నిలబెట్టాను, ఇవాళ గాలి ఎక్కువ. చివరి పేజీలో ఆ మార్చి శుక్రవారం తేదీ వేసి ఒకే ఒక్క వాక్యం ఉంది: రేపు శనివారం, మొదటిసారి తలకిందులు.

నేను బొమ్మల కొలువు మెట్ల మీద కూర్చుండిపోయాను. గరాజ్ సర్దడం ఆ రోజుకి అక్కడితో ఆగింది.

తలకిందులుగా ఎలా నిలుస్తుంది?

అసలు హెలికాప్టరు తలకిందులుగా ఎగరడమేమిటని నాలాగే మీకూ సందేహం రావచ్చు. ఫ్రీవే మీద పోతున్నప్పుడు పిల్లలు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఆడుకోవడం చూసే ఉంటారు. అరచెయ్యి ముందు అంచు కొంచెం పైకెత్తితే గాలి చేతిని పైకి నెడుతుంది, కొంచెం కిందికి వాల్చితే కిందికి నొక్కుతుంది. హెలికాప్టర్ రెక్కలు చేసేది ఇంతే. ఈ బొమ్మ హెలికాప్టర్ల రెక్కలు పైనా కిందా ఒకే వంపుతో ఉంటాయి. స్వాష్‌ప్లేట్ అనే పళ్ళెంలాంటి భాగం పైకీ కిందికీ కదిలి, తిరుగుతున్న రెక్కల వాలుని మారుస్తుంది. మావాడి హెలికాప్టర్‌లో ఆ వాలు అటు పదకొండు డిగ్రీలు, ఇటు పదకొండు డిగ్రీలు. మామూలుగా ఉన్నప్పుడు అటు వాల్చితే పైకి లేస్తుంది. తలకిందులయ్యాక ఇటు వాల్చితే, అప్పుడూ ఆకాశం వైపే లేస్తుంది. మోటారు మాత్రం ఆగకుండా ఒకే వేగంతో తిరుగుతూ ఉండాలి. అందుకు ట్రాన్స్‌మిటర్ మీద ఐడిల్ అప్ అనే స్విచ్చి ఉంటుంది.

మనుషులెక్కే హెలికాప్టర్లకి ఈ విద్య చేతకాదు. వాటి రెక్కలు రెండోవైపుకి అంత వాలేటట్టు కట్టరు. జర్మనీ వాళ్ళ బో-105 లాంటివి గాల్లో పల్టీలు కొడతాయి కానీ, తలకిందులుగా అలాగే ఆగి ఉండలేవు. అంటే ఈ ఒక్క విషయంలో పెద్దలకి చేతకానిది పిల్లలకి చేతనవుతుందన్నమాట.

బొమ్మ హెలికాప్టర్లకి మరీ పెద్ద చరిత్రేమీ లేదు. డీటర్ ష్లూటర్ అనే జర్మన్ ఇంజినీరు 1960ల చివర్లో నానా తంటాలూ పడి రేడియోతో నడిచే హెలికాప్టర్‌ని అదుపులో ఎగరేసి చూపించాడు. 1980లలో కొన్ని ట్రాన్స్‌మిటర్లకి తలకిందులు కాగానే నొక్కడానికి ఒక స్విచ్చి ఉండేది. అది నొక్కితే తిరగబడ్డ కంట్రోళ్ళన్నీ మళ్ళీ మనకి అనువుగా మారిపోయేవి. తర్వాత కర్టిస్ యంగ్‌బ్లడ్ లాంటి అమెరికన్ పైలట్లు ఆ స్విచ్చి జోలికి పోకుండా, తిరగబడ్డ కంట్రోళ్ళతోనే ఎగరేసి చూపించారు. ఇప్పుడు అందరూ నేర్చుకునేది ఆ పద్ధతే.

అద్దంలో మీసం

కష్టమంతా ఇక్కడే ఉంది. ట్రాన్స్‌మిటర్‌కి రెండు స్టిక్కులు. హెలికాప్టరు తోక మనవైపు పెట్టి తలకిందులు చేశామనుకోండి. ఎడమచేతి స్టిక్కు పైకి నెడితే కిందికి దిగుతుంది, కిందికి లాగితే పైకి లేస్తుంది. కుడిచేతి స్టిక్కు ముందుకి నెడితే వెనక్కి, మన మీదికి వస్తుంది. ముక్కుని కుడికి తిప్పబోతే ఎడమకి తిరుగుతుంది. పోనీ, అన్నీ తిరగబడ్డాయని గుర్తుపెట్టుకుందామా అంటే అదీ కుదరదు. పక్కలకి వాలడం మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది, కుడికి నెడితే కుడికే వాలుతుంది. అద్దంలో చూస్తూ కత్తెరతో మీసం సరిచేసుకున్నవాళ్ళకి ఈ బాధ కొంత అర్థమవుతుంది. ఇక్కడ మాత్రం ఒకేసారి నాలుగు మీసాలు, పైగా కత్తెర గాల్లో ఉంటుంది.

ఆలోచించి చేద్దామంటే టైము చాలదు. ఇప్పుడు తలకిందులుగా ఉంది కాబట్టి కిందికి లాగాలి అని మనసులో అనుకునేలోపల అది నేలకి దిగిపోతుంది. అంచేత దీన్ని తలకి కాదు, వేళ్ళకి నేర్పాలి. అందుకు కంప్యూటర్ మీద సిమ్యులేటర్లున్నాయి. నిజం ట్రాన్స్‌మిటర్‌నే కంప్యూటర్‌కి తగిలించి తెరమీద ఎగరేయడం. పడితే ఒక మీట నొక్కితే చాలు, మళ్ళీ కొత్తది లేస్తుంది. 2017 జనవరిలో మొదలుపెట్టాను. రోజూ రాత్రి భోజనాలయ్యాక పావుగంట. మా ఆవిడ గిన్నెలు సర్దుకుంటూ "ఇప్పటికెన్ని?" అని అడిగేది. మొదటివారం నలభై దాటాక లెక్క చెప్పడం మానేశాను.

ఏభైకి దగ్గరపడ్డ మనిషికి ఈ పిల్లచేష్టలేమిటని ఆవిడ సందేహం. నేను ఇంజెన్యూటీ కథ చెప్పాను. 2021 ఏప్రిల్ 19న అంగారకుడి మీద మొదటిసారి ఎగిరిన ఆ బుల్లి హెలికాప్టరు బరువు భూమ్మీద 1.8 కిలోలే. 72 సార్లు ఎగిరి, 2024 జనవరిలో రెక్క దెబ్బతిని ఆగిపోయింది. దాని చీఫ్ ఇంజినీరు బాబ్ బలరామ్ మన మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ స్కూల్లో చదివినవారు. "ఆయన ఎగరేశాడు, మీరు పడేస్తున్నారు" అంది మా ఆవిడ. (ఈ సంభాషణ తర్వాతెప్పుడో జరిగిందని మీరు గ్రహించే ఉంటారు. ఆవిడ సందేహం ఇప్పటికీ తీరలేదని చెప్పడానికి రాశాను.)

నలభై నిమిషాల ఫోను

సిమ్యులేటర్‌లో మామూలుగా నిలబెట్టడమే నాకు గగనమయింది. ఎంత జాగ్రత్తగా పట్టుకున్నా ఎడమపక్కకి జారిపోయేది. రెండు వారాలు చూసి, ఒక ఆదివారం మావాడికి ఫోను చేశాను. అప్పటికి మా ఫోన్లు ఎలా ఉండేవంటే: "తిన్నావా?" "తిన్నా." "చదువెలా ఉంది?" "బాగుంది." "సరే, అమ్మకిస్తున్నా." అంతే.

ఆ రోజు మాత్రం, "ఒరేయ్, హెలికాప్టరు నిలబెడుతుంటే ఎడమకి జారిపోతోంది. ఏం చెయ్యాలి?" అన్నాను.

అవతల చప్పుడు లేదు. ఫోను కట్టయిందేమో అనుకున్నాను.

"ఏ హెలికాప్టరు నాన్నా?"

"నీదే. గరాజ్‌లో దొరికింది. ఇంకా బయటికి తియ్యలేదులే, సిమ్యులేటర్‌లోనే."

ఇంకాసేపు నిశ్శబ్దం. తర్వాత అన్నాడు, "అది నీ తప్పు కాదు. తోక దగ్గర చిన్న రెక్క ఉంది చూడు, అది మొత్తాన్ని పక్కకి నెడుతుంది. కొంచెం కుడికి వాల్చి పట్టుకో. నిటారుగా పెట్టాలని చూడకు."

ఆ రోజు నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం. ఉబ్బిన బ్యాటరీలు ఎట్టి పరిస్థితిలోనూ ఛార్జి చెయ్యొద్దనీ, అంటుకుంటాయనీ, కొత్తవి కొనమనీ చెప్పాడు. కాళ్ళకి అడ్డంగా పుల్లలు కట్టి చివర పింగ్‌పాంగ్ బంతులు తగిలిస్తే ఒరిగిపోకుండా ఉంటుందన్నాడు. నేను కాగితం మీద రాసుకున్నాను. మా నాన్నగారి ముందు నేనెలా చేతులు కట్టుకుని నిలబడేవాణ్ణో, ఇంచుమించు అలాగే విన్నాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఫోనూ మొదట నాకే వచ్చేది. మా ఆవిడ వంతు రెండోది.

ఆరు సెకన్లు, అరవై డాలర్లు

సన్నీవేల్‌లో పార్కులకి కొదవ లేదు కానీ, పక్కనే మాఫెట్ ఫీల్డు, ఆ పైన శాన్ హోసే విమానాశ్రయం. ఈ గగనతలంలో మన ఇష్టం వచ్చినట్టు ఎగరేయడానికి వీల్లేదు. నేను మోర్గన్ హిల్ దగ్గరున్న కౌంటీ మోడల్ ఎయిర్‌క్రాఫ్ట్ స్కైపార్క్‌కి వెళ్ళడం మొదలుపెట్టాను. దాదాపు ముప్పై మైళ్ళు.

ఈ సరదాలో ప్రమాదం లేదని మాత్రం ఎవరూ అనుకోవద్దు. మావాడిది చిన్నదే, రెక్క పొడవు 325 మిల్లీమీటర్లు. అయినా నిమిషానికి 2800 చుట్లు తిరిగితే రెక్క చివర వేగం గంటకి 350 కిలోమీటర్లు దాటుతుంది. 2013 సెప్టెంబరులో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక పార్కులో, బాగా చేయి తిరిగిన పంతొమ్మిదేళ్ళ కుర్రవాడు తన హెలికాప్టరే తగిలి చనిపోయాడు. ఆ వార్త చదివినప్పుడు, మావాడి చేత ముందే మాన్పించడం ఎంత మంచిదయిందోనని గర్వపడ్డాను. ఇప్పుడు ఆలోచిస్తే, నేను మాన్పించింది ప్రమాదమని కాదు, కెమిస్ట్రీలో బి వచ్చిందని. రెండూ ఒకటి కావు. ప్రమాదానికి చెయ్యాల్సింది దగ్గరుండి జాగ్రత్తలు చెప్పడం, దూరం పాటించడం, మోటారు ఆపే థ్రాటిల్ హోల్డ్ స్విచ్చి మీద ఎప్పుడూ ఒక వేలు ఉంచడం. కారులో కూర్చుని ఈమెయిళ్ళు చూసుకునే తండ్రి ఇవేవీ చెయ్యలేడు.

2017 అంతా మామూలు ఎగరేయడంతోనే సరిపోయింది. తోక నావైపు, తర్వాత పక్కకి, తర్వాత ముక్కు నావైపు. మైదానంలో ఒక పెద్దాయన ఉండేవారు, డెబ్భై దాటిన అమెరికన్. "తలకిందులు చేసేముందు ఎంత ఎత్తుకి తీసుకెళ్ళాలి?" అని అడిగితే, "వరుసగా మూడు తప్పులు చేసినా నేల తగలనంత ఎత్తుకి" అన్నారు. ఆ మాట హెలికాప్టర్‌కే కాదు, చాలావాటికి పనికొస్తుందనిపించింది.

2018 మేలో ఒక శనివారం ధైర్యం చేశాను. ఐడిల్ అప్ వేసి, ఎత్తుకి తీసుకెళ్ళి, పల్టీ కొట్టించాను. తలకిందులుగా నిలబడింది! ఒకటి, రెండు, మూడు... కొంచెం దిగుతున్నట్టనిపించింది. కంగారులో ఏళ్ళ తరబడి ఉన్న అలవాటు పైకొచ్చింది. స్టిక్కు పైకి నెట్టాను. అది తలకిందులుగా ఉందన్న సంగతి వేళ్ళు మర్చిపోయాయి. ఎంత నెడితే అంత వేగంగా నేలకి దిగింది. ఆరు సెకన్ల విహారం, రెక్కలు, షాఫ్టు, తోక గొట్టం కలిపి అరవై డాలర్ల చిల్లర. మీసాలకి మన్ను అంటలేదని చెప్పుకోవడానికి కూడా వీల్లేదు, ముక్కలు ఏరుతూ మోకాళ్ళ మీద పాకాను.

ఆ రాత్రి ఫోనులో మావాడు నవ్వలేదు. "దిగుతున్నప్పుడు నెట్టాలనిపిస్తుంది నాన్నా. అందరికీ అంతే. భయం వేసినప్పుడు పాత అలవాటే చేస్తాం" అన్నాడు. ఎక్కడో తగిలింది. పిల్లవాడు జారుతున్నాడని భయం వేసి, ఉన్న బలమంతా పెట్టి అటే నెట్టిన రాత్రి ఒకటి నాకు గుర్తొచ్చింది.

స్టాన్‌ఫర్డ్ శిష్యుడు

ఆ రోజుల్లోనే, సరిగ్గా ఈ విద్యే మన పక్క ఊళ్ళో ఒక కంప్యూటరు నేర్చుకుందని తెలిసింది. స్టాన్‌ఫర్డ్‌లో ఆండ్రూ ఇంగ్ బృందం 2004లో ఒక హెలికాప్టర్‌ని తలకిందులుగా దానంతట అదే నిలబడేట్టు చేసింది. మన పిల్లలు చాలామంది చూసే కోర్సెరా సంస్థ స్థాపకుల్లో ఈయన ఒకరు. మనిషి ఎగరేసి, పల్టీ కొట్టించి, పగ్గాలు కంప్యూటర్‌కి అప్పగించాడు. ఆ కంప్యూటరు కూడా ముందు సిమ్యులేటర్‌లోనే సాధన చేసిందని చదివి నాకు కొంత ఊరట కలిగింది.

2008లో పీటర్ అబీల్, ఆడమ్ కోట్స్, ఆండ్రూ ఇంగ్ ఇంకో అడుగు ముందుకి వేశారు. ఆరితేరిన పైలట్ ఒక విన్యాసాన్ని పలుమార్లు చేసి చూపిస్తాడు. ఎంత నేర్పరి అయినా ఏ ఒక్కసారీ సరిగ్గా అనుకున్నట్టు రాదు. ఒకసారి మొదట్లో వంకర, ఒకసారి చివర్లో. కంప్యూటరు అన్నింటినీ పక్కపక్కన పెట్టి, ఈయన ఏం చేశాడని కాదు, ఏం చెయ్యాలనుకున్నాడని ఊహిస్తుంది. ఆ ఊహతో ఎగరేస్తే కొన్నిచోట్ల గురువుకన్నా బాగా వచ్చింది.

ఇది చదివి చాలాసేపు కూర్చున్నాను. పిల్లలకి మనం చేసి చూపించేవన్నీ వంకర విన్యాసాలే. నా ఉద్దేశం మావాడి మంచే. కానీ చూపించింది మాత్రం కోపం, కారు కిటికీ వెనక వంచిన తల, ఒక అట్టపెట్టె. అందులోంచి వాడు నా ఉద్దేశాన్ని ఏరుకోగలిగాడో లేదో ఎప్పుడూ అడగలేదు.

డిసెంబరు శనివారం

2018 అక్టోబరు నాటికి ఇరవై సెకన్లు తలకిందులుగా నిలబెట్టడం వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. డిసెంబరులో మావాడు సెలవులకి వచ్చాడు. శనివారం పొద్దున్నే ఇద్దరం మోర్గన్ హిల్ వెళ్ళాం. ఈసారి కారులో ఎవరూ కూర్చోలేదు.

ఎగరేశాను. ఎత్తుకి తీసుకెళ్ళాను. పల్టీ. చేతులు వణికాయి కానీ వేళ్ళు మర్చిపోలేదు. దిగుతుంటే కిందికి లాగాను, లేచింది. మావాడు పక్కనే నిలబడి పైకి లెక్కపెట్టాడు. ఇరవై మూడు. దింపి, ట్రాన్స్‌మిటరు వాడి చేతిలో పెట్టాను. సంచిలోంచి నోట్‌బుక్కు కూడా తీసి ఇచ్చాను.

వాడు చివరి పేజీ చూశాడు. నేను ముందునుంచీ కూడదీసుకున్న మాట చెప్పాను. "ఆ రోజు నేను తప్పు మాట్లాడాను రా." ఇంత చిన్న వాక్యానికి అయిదేళ్ళ తొమ్మిది నెలలు పట్టింది. మన ఇళ్ళల్లో తండ్రులకి ఈ వాక్యం ఎవరూ నేర్పలేదు.

వాడు కాసేపు గడ్డి వంక చూసి, "కెమిస్ట్రీలో బి వచ్చిన మాట నిజమే కదా నాన్నా" అన్నాడు. ఇద్దరికీ నవ్వొచ్చింది.

తర్వాత కొత్త బ్యాటరీ పెట్టి వాడు ఎగరేశాడు. లేస్తూనే పల్టీ కొట్టించి, తలకిందులుగానే మా ముందునుంచి గడ్డికి మూడడుగుల ఎత్తులో ఎనిమిది అంకెలు చుట్టించాడు. చుట్టూ ఎగరేస్తున్నవాళ్ళు ఆపి చూశారు. నా నోట మాట లేదు. దింపాక, "మానేశావు కదరా!" అన్నాను.

"ఇంట్లో మానేశాను. డార్మ్‌లో లాప్‌టాప్ మీద రోజూ ఎగరేసేవాణ్ణి. నువ్వు ఫోను చేసినప్పుడు కూడా అదే చేస్తున్నా" అన్నాడు.

నోట్‌బుక్కులో ఆ చివరి వాక్యం పక్కన ఒక టిక్కు పెట్టి నాకిచ్చాడు.

ఒక మాట

పిల్లలందరికీ హెలికాప్టర్లు కొనిపెట్టమని ఈ వ్యాసం ఉద్దేశం కాదు. చదువు వద్దనీ కాదు. మీ పిల్లలు పెట్టెలో సర్దేసినవి ఏమైనా ఉంటే ఒకసారి మూత తీసి చూడండి. వీలైతే వాళ్ళనే గురువుగా పెట్టుకుని అదేమిటో నేర్చుకోండి. మూడు తప్పులు చేసినా తట్టుకునే ఎత్తులో ఉండగానే మొదలుపెట్టడం మంచిది.

మన అసోసియేషన్ పిల్లలెవరైనా సరదా పడితే ముందు మా ఇంట్లో సిమ్యులేటర్ మీద కూర్చోబెడతాను. 250 గ్రాములు దాటిన వాటికి ఇప్పుడు ఎఫ్‌ఏఏ రిజిస్ట్రేషన్ ఉండాలి, ట్రస్ట్ అనే చిన్న ఆన్‌లైన్ పరీక్ష కూడా పాసవ్వాలి. ఆ పరీక్షకి డబ్బు కట్టక్కర్లేదు, అరగంట పని. వచ్చేటప్పుడు తల్లిదండ్రులు కూడా లోపలికి రావాలి, కారులో కూర్చోకూడదు. మా ఇంట్లో అదొక్కటే షరతు.

గరాజ్‌లో కారుకి ఇప్పటికీ చోటు లేదు.